30 సెకన్ల యాడ్, ఒకే ఒక్క ఫొటో

ఈ రోజు ఒక 30 సెకన్ల యాడ్ గురించి మాట్లాడుకుందాం. అందులో జాతి గురించి ఒక్క మాట కూడా ఉండదు. అయినా జాతిని వాడుకుని ఓట్లు ఎలా లాగుతారో చెప్పాలంటే, చాలామంది ముందు దీన్నే చూపిస్తారు.

1988 అమెరికా అధ్యక్ష ఎన్నికలు. రిపబ్లికన్ల నుంచి సీనియర్ బుష్, డెమొక్రాట్ల నుంచి మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్. ఆ రాష్ట్రంలో ఖైదీలను కొద్ది రోజులు సెలవు మీద బయటికి పంపేవాళ్లు. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడ్డ విలియం హార్టన్ అనే నల్లజాతి ఖైదీ, 1986లో అలా వెళ్లి తిరిగి రాలేదు. 1987లో మేరీల్యాండ్‌లో ఒక జంట మీద దాడి చేసి, ఆమెపై అత్యాచారం చేశాడు. ఘోరం. గవర్నర్‌ని నిలదీయాల్సిందే, అందులో డౌట్ లేదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? ఆ సెలవులు మొదలైంది 1972లో, రిపబ్లికన్ గవర్నర్ ఫ్రాన్సిస్ సార్జెంట్ టైంలో. అలాగని డుకాకిస్ తప్పేమీ లేదనలేం. హంతకులకు సెలవులు ఆపే బిల్లును 1976లో ఆయనే వీటో చేశాడు. ఇవన్నీ చెప్పి ఉంటే అది విధానం మీద వాదన అయ్యేది. బుష్‌కి మద్దతుగా బయటి గ్రూప్ ఒకటి చేసిన ఆ యాడ్ మాత్రం హార్టన్ ఫొటోని తెర నిండా చూపించింది. విలియంని 'విల్లీ' చేసింది. మిగతా పని చూసేవాళ్ల భయమే చేసుకుంది.

బుష్ 40 రాష్ట్రాలు గెలిచాడు. ఈ యాడ్ వల్లే గెలిచాడని నేను అనను. కానీ ప్రచారంలో హార్టన్ పేరు మార్మోగేలా చూసిన బుష్ మేనేజర్ లీ అట్‌వాటర్, బ్రెయిన్ ట్యూమర్‌తో చనిపోయే ముందు, 1991లో, డుకాకిస్ మీద తను అన్న మాటలకు సారీ చెప్పుకున్నాడు.

నేను కోడ్ రాసే రోజుల్లో, ఒక్క ఫెయిల్యూర్ చూసి సిస్టమ్ మొత్తాన్ని తప్పుపడితే మా లీడ్ ఊరుకునేవాడు కాదు. అదే నేను, మా అపార్ట్‌మెంట్‌లో దొంగతనం జరిగినప్పుడు 'ఆ రాష్ట్రం వాళ్లని పనిలో పెట్టుకోవద్దు' అన్న మెసేజ్‌ని ఫొటోతో సహా ఫార్వర్డ్ చేశా. దొంగ ఒక్కడు. నేను అనుమానించింది ఎంతమందిని? ఆ యాడ్ చూసినప్పుడల్లా నాకు ఆ ఫార్వర్డే గుర్తొస్తుంది.

ఈసారి ఎన్నికల వీడియో ఏదైనా మీకు కోపం తెప్పిస్తే, షేర్ కొట్టే ముందు ఒక్కటి అడగండి: ఇది తప్పు చేసినవాడిని చూపిస్తోందా, వాడి జాతినా?