మెట్ల మీద మనోధర్మం

పుదుచ్చేరి శ్రీఅరవిందాశ్రమం. కొత్త సంవత్సరం అడుగుపెట్టే వేళ. జనమంతా మాటల్లేకుండా కూర్చున్నారు. ఆర్గన్ ముందు శ్రీమాత. ఎదుట రాసుకున్న స్వరాలేమీ లేవు. 1878లో పారిస్‌లో మిర్రా అల్ఫాస్సాగా పుట్టి, చిన్నతనంలోనే పియానో నేర్చుకున్న ఆ చేతులు కాసేపు ఆగి, అప్పటికప్పుడు తోచిందే వాయిస్తాయి. మనం మనోధర్మం అంటామే, అదే.

అయినా మన చెవికి చిక్కే. ఇది ఏ రాగం? తాళమేది? మెట్టు నొక్కితే వచ్చిన స్వరం వచ్చినట్టే నిలబడుతుంది. దాన్ని ఊపలేం, పక్క స్వరంలోకి జార్చలేం. గమకం లేని సంగీతంలో ఏం వినాలి?

ఈ ప్రశ్న సునీల్ భట్టాచార్యకు ఇంకా గట్టిగా ఎదురై ఉంటుంది. ఆయన బెంగాలీ, ఆశ్రమ పాఠశాలలో అధ్యాపకుడు. ఆయన వాద్యం సితార్, అంటే తీగను పక్కకి లాగి ఒక స్వరంలోంచి మరో స్వరాన్ని పుట్టించే విద్య. 1962 తర్వాత శ్రీమాత మేడ మీది గదికే పరిమితమయ్యారు. 1965 నుంచి నూతన సంవత్సర సంగీతం సునీల్ చేతికొచ్చింది. ఆమె ఆర్గన్ వాదనాన్నే చాలాసార్లు బీజంగా తీసుకుని, మన వాద్యాలనూ పాశ్చాత్య వాద్యాలనూ కలిపి దాన్ని పెంచాలి.

సునీల్ ఆ వాదనం వింటున్న గదిని ఊహించుకుంటాను. టేపు తిరుగుతోంది. మొదట కుడిచేతి వరుస ఒక్కటే చెవిన పడుతుంది. మళ్లీ వింటే కింద ఎడమచేతి మంద్రస్వరం తెలుస్తుంది. పియానోలో సుత్తి తీగను కొట్టిన క్షణం నుంచే నాదం తరగడం మొదలవుతుంది. ఆర్గన్‌లో వేలు ఉన్నంతసేపూ నిలుస్తుంది, ఆగకుండా మీటుతుండే మన తంబూరా శ్రుతిలా. కాకపోతే తంబూరా శ్రుతి కచేరీ అంతా కదలదు. ఇక్కడ ఆ ఆధారమే కదులుతుంది! పైన అదే స్వరం మోగుతుండగా కింద స్వరం మారిందా, పైదాని భావమే మారిపోతుంది. దిగులుగా వినిపించింది కాస్తా ఊరటవుతుంది. గమకం చేసే పనిని ఇక్కడ ఈ మార్పు చేస్తుందని నా నమ్మకం. బీథోవెన్ పియానో సొనాటాలు వినడానికైనా ఇదే దారి.

సునీల్ 1998లో కన్నుమూశారు. అరవిందుల ‘సావిత్రి’ మహాకావ్యానికీ ఆయన ఏళ్ల తరబడి సంగీతం కూర్చారు.

శ్రీమాత ఆర్గన్ రికార్డులు ఇప్పటికీ వినవచ్చు. వాటిలో రాగం వెతకడం నేను మానేశాను. ఎడమచేతి వేలు ఎప్పుడు లేస్తుందా అని కాచుకుని ఉంటాను.