జోనంగికి ఊరేది?

ఉప్పాడ అనగానే జమ్‌దానీ చీర గుర్తొస్తుంది. జమ్‌దానీ పారశీకం నుంచి వచ్చిన మాట, ఢాకా నేతగాళ్ల పనితనం. అయినా 2009లో ఉప్పాడ పేరుతోనే దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎక్కణ్ణుంచి వచ్చావని చీరనెవరూ అడగలేదు. మమ్మల్ని మాత్రం అడుగుతారు. వేటకుక్కల్నీ అడుగుతారు.

దక్కన్ కారవానీ కుక్క బిడారుల వెంట వచ్చిన సలూకీ సంతతని చెప్పుకుంటారు. ఇవాళ అది దేశీ జాతే.

మన తీరానిది జోనంగి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, కొల్లేటి చుట్టూ పెరిగింది. పొట్టి నున్నటి బొచ్చు. నేలలో గుంట తవ్వుకుని పడుకుంటుంది. మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది. చిన్న జంతువుల్ని వేటాడేది, బాతుల మందల్ని కాసేది. చిత్తడి నేలలు చేపల చెరువులయ్యాక ఆ పనులు పోయాయి. జోనంగి అరుదైపోయింది.

సాయిబులకీ కుక్కకీ పడదంటారు. ఖురాన్ అయిదో సూరా నాలుగో ఆయత్ చదవండి: అల్లా పేరు తలచి వదిలిన, శిక్షణ పొందిన వేటజంతువు పట్టి తెచ్చింది హలాలే. గుహవాసుల గాథలోనూ గుమ్మం దగ్గర కుక్క ఉంది.

ఈ నేలదే అయిన జోనంగిని పని పోగానే మరిచాం. పుట్టుక అడిగేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. ఏ మంద కాసిందో అదే దాని ఊరు. మాదీ అంతే.