పుస్తకం ఎవరిది?

పుస్తకం మీద రాసిన పేరు చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఒక సమాజం చదువును ఎవరి సొత్తుగా భావించిందో తెలుసుకోవాలంటే గ్రంథంలోని విషయంతోపాటు గ్రంథం మీది ముద్రను కూడా పరిశీలించాలి.

ఐరోపాలో ఈ ముద్ర బుక్‌ప్లేట్ రూపం తీసుకున్నది. యజమాని పేరూ, చిహ్నమూ అచ్చువేసి అట్ట లోపలివైపు అతికించే అలంకృతమైన చీటీ అది. చేతిరాత కాలంలో ఏ ప్రతికాప్రతి వేరు. 15వ శతాబ్దంలో అచ్చుయంత్రం వచ్చి ఒకే రకం ప్రతులు వందలుగా వెలువడ్డాక ‘ఇది నాది’ అని చెప్పుకోవలసిన అవసరం పెరిగింది. 1500 ప్రాంతంలో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ తన మిత్రుడు పిర్క్‌హైమర్ కోసం రూపొందించిన బుక్‌ప్లేట్‌లో వంశచిహ్నాలతోపాటు ‘తనకూ, మిత్రులకూ’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటలున్నాయి. స్వామ్యాన్ని ప్రకటించే చీటీలోనే పంచుకోవాలనే కోరిక కూడా ఉన్నదన్నమాట. ఐతే ఆ మిత్రులు చదువూ సంపదా ఉన్న కొద్దిమందే.

1891లో లండన్‌లో బుక్‌ప్లేట్ల అభిమానుల సంఘం ఏర్పడింది. చీటీలను పుస్తకాలతో నిమిత్తం లేకుండా సేకరించడం, మార్చుకోవడం వేడుకైంది. ఇవాళ ఆ బొమ్మలనే పోస్టుకార్డులపై అచ్చువేసి ముచ్చటైన పెట్టెల్లో అమ్ముతున్నారు. బొమ్మ మిగిలింది, పుస్తకమూ, పాఠకుడూ తప్పుకున్నారు. ప్రయోజనం నుంచి విడిపోయిన కళారూపం చివరికి అలంకారమే అవుతుంది.

మన తాళపత్రాల కథ వేరు. ప్రతి చివర లేఖకుడు సంవత్సరం, మాసం, తిథి చెప్పి, ఎవరికోసం రాశాడో పేర్కొనేవాడు. నడుమూ మెడా విరిగేలా రాశాననీ, నూనె నుంచీ నీటి నుంచీ కాపాడమనీ, మూర్ఖుడి చేతికివ్వవద్దనీ వేడుకోవడం పరిపాటి. ఇది శ్రమజీవి వాక్కు; గౌరవించవలసిందే. కాని పుస్తకాన్నీ, స్త్రీనీ, ధనాన్నీ ఒకే గాట కట్టి, పరుల చేతికి పోతే పోయినట్లేనని చెప్పే సంస్కృత నానుడి కూడా ఆ సమాజానిదే. కావ్యాన్ని కన్యగా, అంకితం పుచ్చుకున్న ప్రభువును కృతిభర్తగా చెప్పడంలోనూ ఈ భూస్వామ్య దృష్టే ఉన్నది. షష్ఠ్యంతాలు ఒక విధంగా కావ్యంలోపలే అతికించిన బుక్‌ప్లేట్లు!

ఈ దృష్టిని ఎదిరించినది గ్రంథాలయోద్యమం. 1911లో విజయవాడ రామమోహన గ్రంథాలయం, 1914లో అక్కడే తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ, 1915లో ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం వచ్చాయి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఈ కృషికి చోదకశక్తి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. వైనతేయ ఒడ్డున ఉన్న అప్పనపల్లివంటి ఊళ్లవారికి ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఉద్యమం మన పుస్తకాలకిచ్చిన ముద్ర ఊదారంగు రబ్బరు స్టాంపు. అందులో వంశచిహ్నం లేదు, ఊరి పేరున్నది. దానికి తోడు తేదీల చీటీ ఉన్నది. తాళపత్రం ‘ఇవ్వకు’ అంటే ఈ చీటీ ‘తీసుకుపో, చదివి తిరిగి తెచ్చి ఇయ్యి’ అన్నది. పుస్తకం చేతులు మారడమే దాని సార్థకత అని చెప్పిన మొదటి ముద్ర ఇదే.

ఐతే స్టాంపులో ఊరి పేరున్నంతమాత్రాన ఊరంతటికీ ప్రవేశమున్నదనుకోరాదు. గుడి మంటపంలోనో, పెద్దల చావడిలోనో నడిచిన పఠనమందిరంలో దళితవాడ యువకుడు బెంచీమీద కూర్చోగలిగాడా? స్త్రీలు వచ్చి చదవగలిగారా? ఉద్యమ చరిత్ర రాసేవారు ఈ ప్రశ్న దాటవేయకూడదు.

1960 చట్టం తర్వాత పౌర గ్రంథాలయాల బాధ్యత ప్రభుత్వానిది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు చెల్లించేది ప్రజలే. కాబట్టి ఆ స్టాంపు దానచిహ్నం కాదు, హక్కుపత్రం.

పాతబడ్డాయని తీసివేసిన గ్రంథాలయ ప్రతులు ఇప్పుడు కాలిబాట దుకాణాలకు చేరుతున్నాయి. మన సాహిత్య చరిత్రలు కవులనూ ప్రభువులనూ లెక్కించాయి, పాఠకులను లెక్కించలేదు. ఆ చీటీలపై ఒకదానికింద ఒకటిగా పడిన తేదీలు వారు మిగిల్చిన సాక్ష్యం. సాహిత్య విద్యార్థులు ఏ పుస్తకం ఏ ఊళ్లో ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో నమోదుచేయాలి. ఆ పని తూకానికి పోకముందే జరగాలి.