రేవు దాటే బిడ్డ, సంతకం చేసే పెద్దలు: గోదావరి డెల్టాలో సమ్మతి పత్రం చరిత్ర

తల్లిదండ్రుల్లో ఒకరు గాని ఇద్దరూ గాని వెంట లేకుండా మైనరు బిడ్డ పరదేశానికి బయలుదేరినప్పుడు, వెంట వెళ్ళని తల్లి గాని తండ్రి గాని తనకు అభ్యంతరం లేదని రాసి సంతకం చేసి ఇచ్చే కాగితాన్ని సమ్మతి పత్రం అంటారు. పెనుగొండ, ఆచంట, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాలకు ఈ పత్రం ఇటీవలిదే గాని, సముద్రం దాటి బతుకుతెరువు వెతుక్కోవడం మాత్రం గోదావరి డెల్టాకు ఎంతో పాతది.

పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, కాకినాడ రేవుల నుంచి కూలీలు బర్మాలోని రంగూనుకు వెళ్ళేవారు. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే కాబట్టి, ఆ ప్రయాణం చట్టం దృష్టిలో విదేశీ ప్రయాణమే కాదు. పెద్దలకే పాస్‌పోర్టు అక్కరలేని చోట పిల్లలకు అనుమతి పత్రం అన్న మాటే పుట్టలేదు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్ వంటి చెరకు తోటల సీమలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి సంగతి వేరు, వారి పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కేవి. అయితే ప్రభుత్వం లెక్కపెట్టింది పనిచేసే చేతులను. 1922 నాటి వలస చట్టం సైతం వలస వెళ్ళేవాని బంధువులైన స్త్రీలను, పిల్లలను కలిపి ఆశ్రితులు అన్న ఒకే మాటకింద చేర్చింది.

బిడ్డను ఊరు దాటించేముందు ఒకరి అనుమతి కావాలన్న ఆలోచన వలస చట్టాల్లో గాక సంరక్షణ చట్టంలో కనిపిస్తుంది. 1890 నాటి సంరక్షకుల, ఆశ్రిత మైనర్ల చట్టంలోని 26వ సెక్షను ప్రకారం, కోర్టు నియమించిన సంరక్షకుడు ఆ కోర్టు అనుమతి లేకుండా మైనరును దాని అధికార పరిధి దాటించి తీసుకుపోరాదు. సొంత తండ్రికి ఈ కట్టు లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం తండ్రిని, అతని తర్వాత తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొన్నది. తండ్రి బతికి ఉండగానే, అతడు బిడ్డ బాధ్యత పట్టించుకోనప్పుడో అందుబాటులో లేనప్పుడో తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పడానికి 1999 దాకా పట్టింది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి, తల్లి ఒక్కతే ఇల్లు, బడి, ఆస్పత్రి చూసుకునే కుటుంబాలు అప్పటికే గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి గనుక, చట్టం జీవితం వెనుక చాలా ఆలస్యంగా నడిచిందనే చెప్పాలి.

విదేశీ ప్రయాణం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాతనే, అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఒకప్పుడు చిన్నపిల్లల పేర్లను తల్లిదండ్రుల పాస్‌పోర్టులోనే చేర్చేవారు. ఒక మనిషికి ఒక పాస్‌పోర్టు అన్న అంతర్జాతీయ పద్ధతి బలపడ్డాక పసిబిడ్డకూ విడి పుస్తకం తప్పనిసరి అయింది. పుస్తకం విడిపోవడంతో, దాన్ని ఇప్పించడానికి ఎవరి సమ్మతి కావాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఈ ప్రశ్న పెనుగొండ ప్రాంతంలో గల్ఫ్ వలసతో కలిసి నడిచింది. ఈ ప్రాంతం నుంచి కువైట్ తదితర దేశాలకు ఇంటిపనికి వెళ్ళినవారిలో స్త్రీలు ఎక్కువ. కువైట్‌లో ఇంటిపని వీసా మీద ఉన్న స్త్రీ తన బిడ్డను తన దగ్గరికి రప్పించుకోలేదు. అందువల్ల ఆమె వెళ్ళిపోతుంది, బిడ్డ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతుంది. ఇలా ఊళ్ళో మిగిలిపోయే బిడ్డను ఎవరు చూసుకుంటారని ఈ సమ్మతి పత్రం అడగదు, ప్రయాణించే బిడ్డ గురించే అడుగుతుంది. ఆ మేరకు ఇది ఉద్యోగం, చదువుల కోసం వెళ్ళి, కుటుంబాన్ని రప్పించుకోగల స్తోమత ఉన్న ఇళ్ళ కాగితంగానే ఉండిపోయింది.

పాస్‌పోర్టు దరఖాస్తుకు జతచేసే ప్రమాణ పత్రాలను నోటరీ ఎదుటనో మేజిస్ట్రేటు ఎదుటనో ధృవీకరించుకోవలసి ఉండేది. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ఈ నమూనాలను పదిహేను నుంచి తొమ్మిదికి తగ్గించి, తెల్లకాగితం మీద స్వీయ ప్రకటన చాలునని, తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇచ్చినా సరిపోతుందని ప్రకటించింది. విడాకులు తీసుకున్న తల్లులకు, ఒంటరి తల్లులకు ఇది పెద్ద ఊరట.

స్వదేశంలో నిబంధన సడలుతున్న కాలంలోనే విదేశాల్లో బిగిసింది. నేటాల్ కూలీల సంతతిగా తెలుగువారు నేటికీ ఉన్న దక్షిణాఫ్రికా, పిల్లల అక్రమ రవాణాను అరికట్టే ఉద్దేశంతో 2015 జూన్ నుంచి మైనరు ప్రయాణికులకు పూర్తి వివరాల జనన ధృవపత్రాన్ని, వెంట లేని తల్లి లేదా తండ్రి ప్రమాణ పత్రాన్ని తప్పనిసరి చేసి, కొన్నేళ్ళకు సడలించింది. సమ్మతి లేకుండానే బిడ్డను దాటిస్తే చిక్కు మరోటి. ఒక దేశం నుంచి మరో దేశానికి అక్రమంగా తీసుకుపోయిన బిడ్డను వెనక్కు పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అమెరికాలో విడిపోయిన తెలుగు దంపతుల్లో ఒకరు బిడ్డతో స్వదేశానికి వచ్చేస్తే, ఆ వివాదం ఇక్కడి కోర్టుల్లో బిడ్డ సంక్షేమం అనే గీటురాయి మీదే తేలాలి.

కాగితం ప్రామాణికతకు సంబంధించిన మరో హేగ్ ఒప్పందంలో మాత్రం భారత్ 2005లో చేరింది. ఆ ఒప్పందంలోని దేశాల మధ్య అపోస్టిల్ అనే ఒకే ధృవీకరణ ముద్ర చెల్లుతుంది కనుక, నోటరీ చేసిన సమ్మతి పత్రం ఆ ముద్రతో అమెరికాలో చెల్లుబాటవుతుంది. కువైట్ ఆ ఒప్పందంలో లేదు. పెనుగొండ ఇళ్ళకు అమెరికాకన్నా ముందే పరిచయమైన ఆ దేశానికి వెళ్ళే కాగితం విదేశాంగ శాఖ ముద్ర తర్వాత రాయబార కార్యాలయం గడప కూడా తొక్కాలి.