చెట్టునీడ నుండి చేపాక్ దాకా: ఒక క్రికెట్ క్లబ్బు కథ

శుక్రవారం ప్రొద్దున్నే, ఎండ ముదరక ముందే, దోహాలోని బర్వా అల్ బరాహా వైపు వెళ్ళి చూడండి. పారిశ్రామిక వాడ చెంతనున్న ఆ శ్రామికుల వసతి నగరంలో ఖాళీ నేల కనిపించిన చోటల్లా క్రికెట్టే. పాతిన మూడు కర్రలు, టేపు చుట్టిన టెన్నిసు బంతి, పదిమందికి కలిపి ఒకటో రెండో బ్యాట్లు. ఒక ప్రక్క కరీంనగర్ యాస, మరొక ప్రక్క కడప యాస, నడుమ గోదావరి జిల్లాల పలుకు. ఆ కేకలు వింటూ నిలబడితే మనం ఏ దేశంలో ఉన్నామో ఒక్క క్షణం మరచిపోతాము.

మా తాతగారు మలయా రబ్బరు తోటలకు కూలీగా వెళ్ళినవారు. మేము అక్కడనే పుట్టి, బడిపంతులుగా జీవితం గడిపి, ఇప్పుడు దోహాలో కుమార్తె ఇంట ఉంటున్నాము. తెలుగు వ్రాయడం పెద్దయ్యాక సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నింతురు గాక. తోట దొరల ఆటస్థలంలో గడ్డి కోసింది మా తాతగారని మా నాయనగారు చెప్పేవారు. అక్కడ ఒక్కసారైనా బ్యాటు పట్టే యోగం ఆయనకు కలగలేదు. అందుచేతనే, ఆటస్థలంలో అడుగు పెట్టనివ్వకపోతే తానే ఒక ఆటస్థలం కల్పించుకొన్న ఒక తెలుగువాని కథ మాకు ప్రియమైనది. దానిని ఈ సంచికలో మన పిల్లలకు చెప్పదలచాము.

ఆయన పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. లోకం ఆయనను బుచ్చిబాబు నాయుడు అని పిలిచింది. 1868లో జన్మించారు. తాతగారు మద్రాసులో పేరుమోసిన ప్యారీ కంపెనీకి దుబాసీ. దుబాసీ అంటే దొరలకూ దేశీయులకూ నడుమ మాటలు, బేరాలు నడిపేవాడు. మైలాపూరులోని లజ్ హౌస్ అనే పెద్ద భవనం వారి నివాసం. సంపన్న కుటుంబం కాబట్టి బుచ్చిబాబుకు చిన్ననాడే గుర్రపుస్వారీ, క్రికెట్టు అబ్బాయి.

అప్పటికి మద్రాసులో క్రికెట్టంటే దొరల క్రికెట్టే. మద్రాస్ క్రికెట్ క్లబ్బు 1846లో ఏర్పడింది. 1865 నుండి చేపాక్ మైదానం దాని స్థానం. దేశీయులను ఆటకు పిలిచినా పెవిలియన్ మెట్లు మాత్రం ఎక్కనిచ్చేవారు కారట. మధ్యాహ్న భోజనవేళ దొరలు పెవిలియన్‌లో కూర్చుంటే మనవారు చెట్టునీడన కూర్చుని తినవలసి వచ్చేదని చెబుతారు. ఒకే బంతితో ఆడినవారు ఒకే కప్పు క్రింద అన్నం తినరాదు! ఈ అవమానం బుచ్చిబాబును బాధించింది.

ఆయన దానికి తిట్లతో జవాబు చెప్పలేదు. 1888లో, ఇరవై ఏళ్ళ వయసులో, మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించారు. ఎస్ప్లనేడ్ మైదానంలో ఆట మొదలైంది. సొంత డబ్బు ఖర్చుపెట్టి సామగ్రి సమకూర్చి, దేశీయ యువకులను చేరదీసి ఆట నేర్పించారు. దక్షిణ భారత క్రికెట్టుకు పితామహుడని ఆయనకు పేరు వచ్చింది ఇందువల్లనే.

దొరల జట్టూ దేశీయుల జట్టూ సమాన గౌరవంతో తలపడాలన్నది ఆయన కోరిక. ఆ ప్రెసిడెన్సీ మ్యాచ్ 1908 డిసెంబరుకు నిశ్చయమైంది. అంతలోనే, నలభై ఏళ్ళకే, బుచ్చిబాబు కన్నుమూశారు. తాను నాటిన చెట్టు కాయ ఆయన చూడలేదు. ఆ మ్యాచ్ మాత్రం నిలిచింది. సంక్రాంతి రోజులలో జరుగుతూ, 1950ల తొలి సంవత్సరాల దాకా మద్రాసు వారికి పండుగలో భాగమైంది. ఆయన పేర 1909లో ఆరంభమైన టోర్నమెంటు మధ్యలో ఆగినా, 2023లో తిరిగి మొదలైంది.

ఆయన కుమారులూ ఆటగాళ్ళే. వారిలో ఒకరు తల్లివైపు వారికి దత్తుడై కోటా రామస్వామి అయ్యారు. 1922లో డేవిస్ కప్పు టెన్నిసు ఆడారు. 1936లో, నలభై నిండిన తరువాత, మాంచెస్టరులో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1932లో, లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు కూడా తెలుగు కుటుంబీకుడే. నాగపూరులో పుట్టారు. ఊరు దాటినంత మాత్రాన తెలుగుతనం దాటిపోదని మన పిల్లలకు చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ ఉన్నదా?

ఇక మన సంగతి. ఖతర్‌లో ఆటస్థలాలకు కొదవ లేదు. 2012 నుండి ఏటా ఫిబ్రవరి రెండవ మంగళవారం జాతీయ క్రీడా దినం. బర్వా అల్ బరాహాకు దూరం కాని ఏషియన్ టౌన్‌లో 2013 నుండి అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉన్నది. కొరత మరొక చోట ఉన్నది. ఒప్పందం ముగిసిన కుర్రవాడు బ్యాటు స్నేహితునికి ఇచ్చి ఊరికి వెళ్ళిపోతాడు. అతని చోటులోకి మరొకడు వస్తాడు. పదేళ్ళలో జట్టు పేరు మిగులుతుంది గాని, అందులో ఆడినవారి పేర్లు మిగలవు. ఏ పుస్తకంలోనూ వారి పరుగులు లేవు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. క్రిందటి ఉత్సవానికి అటువంటి కుర్రవాళ్ళు కొందరు వచ్చారు. హాలు వెనుక గోడ ప్రక్కన నిలబడి కార్యక్రమం చూసి, భోజనాల వేళకు వెళ్ళిపోయారు. ముందుకు రమ్మని ఎవరూ పిలవలేదు. మేమూ పిలవలేదు. ఇంటికి వచ్చాక చేపాక్ చెట్టునీడ గుర్తుకు వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆనాడు మెట్ల మీద కూర్చున్నది దొరలు. ఈనాడు మనము కాకూడదు.

కనుక రెండు చిన్న విన్నపాలు. ఒకటి, శుక్రవారం జట్ల పేర్లు, ఆటగాళ్ళ పేర్లు, వారి ఊళ్ళు, పరుగులు వ్రాసి ఉంచే నోటు పుస్తకమొకటి మన సంఘం పెట్టాలి. వ్రాసే పని మేము చేస్తాము. బడిపంతులకు హాజరు పట్టీ కొత్త కాదు గదా! రెండు, రాబోయే ఉత్సవంలో ఆ జట్లకు మన కుటుంబాల నడుమనే విస్తళ్ళు వేయాలి. మన పిల్లలు వారి ప్రక్కన కూర్చుని, "అన్నా, మీ ఊరేది?" అని తెలుగులో అడగాలి.

క్లబ్బు మొదలు కావడానికి పెవిలియన్ అక్కరలేదు. పెవిలియన్ ఉన్నవారు మాత్రం తలుపు తెరచి ఉంచాలి.