బంతికి జాగా, ఆటగాడికి జీతం

మా కొండాపురం మెట్టలో సాయంత్రం పూట ఆటంటే వాలీబాలే. రెండు గుంజలు, ఒక నెట్టు, గీతలకు కాస్త సున్నం ఉంటే చాలు. క్రికెట్‌కైతే కోత అయిపోయిన చేను సరిపోతుంది. ఫుట్‌బాల్ మాత్రం మా వైపు వేరు పట్టలేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఏ ఊళ్లో అడిగినా, టీవీలో ప్రపంచ కప్పు చూసేవాళ్లు దొరుకుతారు గానీ ఆడేవాళ్లు అరుదు. మా పిల్లల కాళ్లలో లోపమేమీ లేదు. ఈ ఆట ఎక్కడ నిలబడింది, ఎవరి అండతో నిలబడింది అన్నది తవ్వుకుంటూ పోతే అసలు సంగతి తేలుతుంది.

బంతిని కాలితో తన్నడం ఒకరు కనిపెట్టాల్సిన విద్య కాదు. చైనాలో హాన్ వంశపు రాజుల కాలంలో, రెండు వేల ఏళ్ల కిందటే, తోలుబంతిలో ఈకలూ వెంట్రుకలూ కూరి 'సుజు' అనే ఆట ఆడేవాళ్లు. సైనికుల కసరత్తులో అదొక భాగం. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఆట మరీ మోటు. పంది మూత్రాశయాన్ని ఊది బంతి చేసి, ఊరికి ఊరు వీధుల్లో పడి దానికోసం కుమ్ములాడుకునేది. ఆ గోల పడలేక 1314లో లండన్ మేయర్ నగరంలో ఈ ఆటను నిషేధించాడు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి మా ఉదయగిరి కోటను పట్టుకున్నది 1514లో. అంటే అంతకు రెండు వందల ఏళ్ల ముందే లండన్‌లో ఫుట్‌బాల్ మీద ఫిర్యాదులు మొదలయ్యాయన్న మాట!

ఆ కుమ్ములాటను ఆటగా మలిచింది ఇంగ్లండ్ బడులు. అయితే ఒక్కో బడిది ఒక్కో పద్ధతి. ఒకచోట బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, ఇంకోచోట కూడదు. 1863 అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే పానశాలలో కొన్ని క్లబ్బులవాళ్లు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. తగువంతా ఎదుటివాడి ముంగాలు మీద తన్నవచ్చా, తన్నకూడదా అన్న దగ్గరే. కూడదని తేల్చేసరికి బ్లాక్‌హీత్ క్లబ్బు అలిగి వెళ్లిపోయింది. రగ్బీ వేరు కాపురం పెట్టడానికి బీజం అక్కడే పడింది. అప్పుడు రాసుకున్న 13 నియమాల్లో గోల్‌కీపర్ మాటే లేదు.

నియమాలు దొరలు రాశారు. ఆటను పెంచింది మాత్రం మిల్లు కూలీలు. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకూ పిల్లలకూ శనివారం మధ్యాహ్నం 2 గంటలకే పని ఆపాలని 1850లో చట్టం వచ్చింది. క్రమంగా మగవాళ్లకూ ఆ పూట సెలవు దక్కింది. చేతిలో ఒక పూట ఖాళీ ఉంటేనే కదా ఎవరైనా మైదానానికి వెళ్లేది. మిల్లుల సీమ లాంకషైర్‌లోని క్లబ్బులు ఆటగాళ్లకు చాటుగా డబ్బులివ్వసాగాయి. పెద్దమనుషులు ముక్కు విరిచారు గానీ ఆపలేకపోయారు. 1885లో జీతం తీసుకుని ఆడటాన్ని ఒప్పుకోక తప్పలేదు. ఫుట్‌బాల్ చరిత్రలో 1863 కంటే 1885నే పెద్ద మలుపుగా నేను చూస్తాను.

మన దేశానికి ఈ బంతి పటాలాల వెంట వచ్చింది. మార్టిమర్ డ్యూరాండ్ పేరిట 1888లో సిమ్లాలో మొదలైన కప్పు తొలినాళ్లలో సైనిక జట్ల సొంత పండగ. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. బగాన్ పదకొండు మందిలో బూట్లున్నవాడు ఒక్కడే.

తెలుగు నేలకొస్తే, జనం లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఈ ఆటకు గుమ్మం. అక్కడి నుంచి హైదరాబాద్ గల్లీలకూ, అరబ్బు కుటుంబాలుండే బార్కస్‌కూ పాకింది. బార్కస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది.

గల్లీ ఆటను గొప్ప ఆటగా మార్చిన మనిషి ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవాడు. ఎడమ కాలు రాని కుర్రాడు ఆ పోటీలో ఏం చేస్తాడు? నేర్చుకుంటాడు, లేదా గట్టున కూర్చుంటాడు. ఆయన చేతిలో పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చింది. 1950లోనే డ్యూరాండ్ కూడా గెలిచింది. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ 1956-57లో, 1957-58లో హైదరాబాద్‌దే. ఈ గెలుపుల వెనక పోలీసు నౌకరీ ఉందని మరవకూడదు. పేదింటి కుర్రాడికి ఆట వస్తే నెల నెలా జీతం వచ్చేది. లాంకషైర్ క్లబ్బులు చేసిన పనే ఇక్కడ పోలీసు శాఖ చేసింది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో రహీం తీసుకెళ్లిన భారత జట్టులో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. యుగోస్లావియా 10-1తో చితకబాదింది. ఆ దెబ్బతో దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చేనాటికి రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు. అరవై ఏళ్ల తర్వాత, 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వస్తే గానీ చాలామంది తెలుగువాళ్లకు ఆయన పేరు తెలియలేదు. మనవాడి కథ మనకు బొంబాయివాళ్లు చెప్పాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ 1965-66లో ఒక్కసారి వచ్చింది, మళ్లీ రాలేదు. జీతం కలకత్తా వైపు మళ్లింది, దాని వెంటే ఆటగాళ్లూ వెళ్లారు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ అక్కడి క్లబ్బుల్లోనే పేరు తెచ్చుకున్నారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమం చేసినప్పుడు ఒక గోలు మన హబీబ్‌దే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది, సంతోషమే. అయితే ఆడినవాళ్లలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాలవాళ్లు, విదేశీయులు.

మాకు లష్కర్ లేదు, సిటీ పోలీసు జట్టూ లేదు. అవి లేకపోతే ఆట రాదా అంటే, అనంతపురం ఉంది. మా మెట్ట కంటే వాన తక్కువ పడే ఆ జిల్లాలో ఫెర్రర్ అనే ఆయన నెలకొల్పిన ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాలు వేసి, శిక్షకులను పెట్టి, పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, ఫుట్‌బాల్ నేర్పింది. అలాగే, లష్కర్‌కు దూరంగా నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన సౌమ్య గుగులోత్ క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది.

కొండాపురంలోనూ, ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ హైస్కూలు మైదానాలు చూసే పెద్దలకు ఒక మనవి. వాలీబాల్ నెట్టు తీయవద్దు. దానికి కాస్త ఎడంగా గోలు గుంజలు కూడా పాతించండి. కొలత 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు.