వేడుక చేతి గడియారం

పెళ్ళిళ్ళకు, సభలకు మంచి దుస్తులతో పాటు ధరించే పలుచని, నిరాడంబరమైన చేతి గడియారాన్ని వేడుక చేతి గడియారం లేదా డ్రెస్ వాచ్ అంటారు. సాధారణంగా దీనికి రెండు లేక మూడు ముళ్ళు, అంకెలకు బదులు సన్నని గీతలు, తోలు పట్టీ ఉంటాయి. పల్నాడుతో సహా తెలుగునాట పెళ్ళిలో అల్లునికి వాచీ పెట్టడం ఆనవాయితీ. చాలా కుటుంబాలు ఖరీదైన వాచీని కొనే సందర్భం అదొక్కటే కావున ఎంపికలో పొరపాటు జరిగితే దిద్దుకొనుట కష్టం.

చరిత్ర

లూయీ కార్టియే 1917లో రూపొందించిన ట్యాంక్, 1932లో పాటెక్ ఫిలిప్ సంస్థ విడుదల చేసిన కలట్రావా ఈ తరగతికి నమూనాలుగా నిలిచాయి. 1931 నాటి రివర్సోకు భారతదేశంతో సంబంధమున్నది. ఇక్కడ పోలో ఆడే బ్రిటిషు సైనికాధికారులు ఆటలో అద్దం పగలని వాచీ కోరగా, డయలు వెనుకకు తిరిగే విధంగా దానిని తయారుచేసారు. మైదానం కోసం పుట్టిన వాచీ నేడు విందులలో కనబడుట విచిత్రమే.

మన దేశంలో ప్రభుత్వరంగ సంస్థ హెచ్.ఎం.టి. 1961లో జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో బెంగుళూరులో వాచీల తయారీ ప్రారంభించినది. తరువాతి కాలంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ సీకో సహకారంతో వాచీలు తయారుచేసినది. 1984లో ఏర్పడిన టైటాన్, తెలుగువారు గణనీయంగా నివసించే హోసూరులో కర్మాగారం నెలకొల్పినది. ఈ సంస్థ 2002లో తెచ్చిన ఎడ్జ్ వాచీ మందం 3.5 మిల్లీమీటర్లు మాత్రమే.

ఎంపిక

పేరు కన్నా ముందు లోపలి యంత్రాన్ని చూడవలెను. క్వార్ట్జ్ వాచీలో సెల్లు శక్తితో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. నెలకు కొద్ది సెకన్లు మించి తేడా రాదు. కీ ఇచ్చే వాచీలోను, చేతి కదలికతో చుట్టుకొనే ఆటోమేటిక్ వాచీలోను రోజుకే కొన్ని సెకన్ల తేడా సహజం. అయినను ఏడాదికి నాలుగుసార్లు పెట్టుకొనే వాచీకి కీ యంత్రమే అనుకూలమని చెప్పవచ్చును. బీరువాలో ఉంచిన ఆటోమేటిక్ రెండు మూడు రోజులలో ఆగిపోతుంది. క్వార్ట్జ్ వాచీలో అయిపోయిన సెల్లును అలాగే వదిలివేస్తే అది కారి యంత్రాన్ని పాడుచేయగలదు.

మరమ్మతు సౌకర్యం మరొకటి. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినది. అయినప్పటికీ ఆ సంస్థ వారి జనతా వాచీని విప్పి, శుభ్రపరచి, నూనె వేసి నడిపించే పనివారు ఇంకా ఉన్నారు. విదేశీ వాచీ కొనేముందు దానిని బాగుచేయు కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో విచారించుట మంచిది.

బంగారం విషయంలో మనవారు తరచు పొరబడతారు. 18 క్యారెట్ల వాచీ కేసులో నూటికి 75 వంతులు బంగారం ఉంటుంది. బంగారు పూత వాచీలో ఉన్నది పైపొర మాత్రమే. ఘనమైన బంగారు వాచీలోనూ ధరలో అధికభాగం పనితనానికి, పేరుకు చెందుతుంది. నగ వలె తూకానికి అమ్మబోతే నష్టం తప్పదు.

వేసవిలో 45 డిగ్రీలు దాటే రెంటచింతల వంటి చోట తోలు పట్టీ చెమటకు త్వరగా చెడుతుంది. అదనంగా మరొక పట్టీ తీసుకొనుట మేలు. డయలుపై 30 మీటర్లు అని ఉన్నంత మాత్రాన నీట మునుగవచ్చునని కాదు, తుంపరలకు ఆగునని మాత్రమే అర్థం. మంగళస్నానానికి ముందు పెళ్ళికొడుకు దానిని తీసి పక్కన పెట్టవలసిందే.